కారు షెడ్డులో వాన నీళ్లు నిలవకుండా ఏం చేయాలి: కడప ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

మా వీధిలో సిమెంటు రోడ్డు వేసిన ఏడాదే మా కారు షెడ్డులోకి మొదటిసారి నీళ్లొచ్చాయి. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది పోశారు. ఒకప్పుడు రోడ్డు కంటే జానెడు ఎత్తున ఉన్న షెడ్డు నాలుగు అంగుళాలు పల్లం అయిపోయింది. వెంటనే మేస్త్రీని పిలిచి షెడ్డు నేలను ఆరంగుళాలు లేపించాను. ఆ మరుసటి నవంబరులో రోడ్డు నీళ్లు రాలేదు. కానీ మా మిద్దె మీది నుంచి పెరట్లోకి దిగిన నీళ్లకు బయటికి పోయే దారి లేకుండా పోయింది. లేపిన షెడ్డే వాటికి కట్ట అయింది. అర్ధరాత్రి వంటింటి గడప దాటి లోపలికొచ్చాయి, బియ్యం మూటలు తడిసిపోయాయి.

తర్వాత పిలిచిన ముసలి బేల్దారి మేస్త్రీ షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "నీళ్లు యాడ్నించి వస్తాండాయో, యాడికి పోవాల్నో ముందు సూడాలన్నా. నేల లేపేది ఆఖరి పని" అన్నాడు. కింద రాసినదంతా ఆయన చెప్పిన ఆ వరసలోనే ఉంటుంది. షెడ్డు అన్నా, పోర్టికో అన్నా, గ్యారేజీ అన్నా పని ఒకటే.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇది వాన నీటి గురించి, వరద గురించి కాదు. 2020 నవంబరులో నివర్ తుఫానుకు బుగ్గవంక వాగు పొంగి కడప వీధుల్లోకి వచ్చింది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్లను ముంచింది. అలాంటి నీటిని ఏ ఇంటి కాలువా ఆపలేదు. హెచ్చరిక వస్తే కారును మెరక మీదికి చేర్చి, మనుషులు కూడా అక్కడికే పోవాలి.

మొదటి అడుగు: వానలో నిలబడి చూడండి

మన జిల్లాలో ఏడాదికి పడేది సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబరు మధ్య, అదీ కొద్ది రోజుల్లోనే కుమ్మరిస్తుంది. మిగతా నెలలు నేల ఎండిపోయి ఉండడంతో సమస్య మరచిపోతాం. అందుకే వాన పడే రోజే గొడుగు వేసుకొని బయట నిలబడండి. ఫోనులో వీడియో తీయండి, ఎన్ని నిమిషాలకు నీళ్లు ఎక్కడికి చేరాయో రాసుకోండి, గోడ మీద బొగ్గుతో గుర్తు పెట్టండి.

నీళ్లు ఎటునుంచి వచ్చాయో వాటి తీరే చెబుతుంది. వాన మొదలైన పది నిమిషాల్లోనే తేటగా వస్తే అవి మిద్దె నీళ్లు. కాస్త ఆలస్యంగా, మట్టి రంగులో, ప్లాస్టిక్ కవర్లతో సహా గేటు కింద నుంచి వస్తే రోడ్డువి. నల్లగా, కంపు కొడుతూ, మన పైపులోంచే వెనక్కి తన్నుకొస్తే వీధి కాలువ నిండిందని అర్థం. పక్క ఖాళీ స్థలం మన నేల కంటే మెరకగా ఉంటే ప్రహరీ అడుగున చారలు కనిపిస్తాయి. వాన వెలిసిన రెండో రోజు, మూడో రోజు బండల జాయింట్లలో చెమ్మ ఊరి, తెల్లటి ఉప్పు పేరుకుంటుంటే అది నేల కింది ఊట.

చాలా ఇళ్లలో ఇవి రెండు మూడు కలిసే ఉంటాయి. మా ఇంట్లో మిద్దె నీళ్లు సగం, రోడ్డు నీళ్లు సగం. వానాకాలం దాటిపోయి ఉంటే హోసు పైపుతో పరీక్షించండి. ఒకసారి మిద్దె మీద, ఇంకోసారి పెరట్లో, మరోసారి గేటు బయట అరగంట చొప్పున నీళ్లు వదిలి చూడండి. అన్నీ ఒకేసారి వదిలితే ఏమీ తేలదు.

రెండో అడుగు: మట్టాలు కొలవండి

ఈ పనిని ఎవరూ దాటేయకూడదు. కంటికి పల్లంగా కనిపించేది పల్లం కాకపోవచ్చు. ముప్ఫై, నలభై అడుగుల సన్నటి పారదర్శక పైపు కొని, ఒక కొస నుంచి నిదానంగా నీళ్లు నింపండి. మధ్యలో గాలి బుడగ ఒక్కటి ఉన్నా కొలత తప్పుతుంది. రెండు కొసలూ తెరిచే ఉంచాలి. ఒకరు ఒక కొసను ఇంటి గడప దగ్గర స్కేలుకు ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు రెండో కొసతో ఒక్కో చోటికి వెళ్లాలి. రెండు వైపులా నీటి మట్టం ఒకటే కాబట్టి, అక్కడి నేల నుంచి నీటి గీత దాకా కొలిస్తే ఎంత తేడా ఉందో తెలిసిపోతుంది.

హాలు గడప, షెడ్డు వెనక గోడ, షెడ్డు మధ్య, గేటు, రోడ్డు అంచు, రోడ్డు నడుమ, వీధి కాలువ అడుగు. ఈ ఏడు చోట్ల కొలిచి కాగితం మీద ఇంటి పటం గీసి అంకెలు వేయండి. వీటిలో అసలైన అంకె ఒకటే: షెడ్డులో అన్నిటికంటే పల్లమైన చోటుకూ, వీధి కాలువ అడుగుకూ ఉన్న తేడా.

నీరు దానంతటది నడవాలంటే వందకు ఒకటి చొప్పున వాటం, అంటే వాలు, కావాలి. అంటే పది అడుగులకు దాదాపు అంగుళంపావు. షెడ్డు వెనక నుంచి కాలువకు ముప్ఫై అడుగులుంటే వాటానికే సుమారు మూడున్నర అంగుళాలు పోతాయి. దీనికి పైపు లోతు కలుపుకోవాలి. కాలువ అడుగు అంతకంటే కిందికి ఉంటే మీ పని సులువు. పైకి ఉంటే మోటారు గురించి ఆలోచించక తప్పదు, దాని సంగతి తర్వాత చెబుతాను.

మూడో అడుగు: ఎన్ని నీళ్లో లెక్క వేయండి

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె అంటే 93 చదరపు మీటర్లు. గంటలో 60 మిల్లీమీటర్లు కురిస్తే దాని మీద నుంచి దిగేది ఐదున్నర వేల లీటర్లు. ఒక మామూలు వాటర్ ట్యాంకరులో పట్టేంత.

విని కంగారు పడకండి. నాలుగు అంగుళాల పీవీసీ పైపు వందకు ఒకటి వాటంతో శుభ్రంగా ఉంటే గంటకు ఇరవై వేల లీటర్ల దాకా మోస్తుంది. ఇళ్లలో పైపులు చిన్నవై చెడేది తక్కువ. వేపాకులు, ఇసుక పూడుకుపోయి, లేదా వాటం లేక చెడేదే ఎక్కువ. కాబట్టి పైపు సైజు పెంచడం కంటే, తీసి కడగడానికి వీలుగా వేయడం మీద డబ్బు పెట్టండి.

నాలుగో అడుగు: మిద్దె నీళ్లను ముందు దారిలో పెట్టండి

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. మిద్దె పైపు షెడ్డు పక్కన నేల మీదికి ఊరికే దిగి ఉంటే, ఆ నీళ్లు పునాదిలోకీ షెడ్డులోకీ పోతాయి. పైపును నేల కిందికి దించి నేరుగా గేటు దాకా తీసుకుపోండి.

గట్టి వానకు, నాలుగు వందల యాభై చదరపు అడుగుల మిద్దెకు ఒక నాలుగు అంగుళాల దిగుడు పైపు ఉండాలి. రెండున్నర అంగుళాలవి పెట్టి ఉంటే మార్చండి. పైన మూతికి జాలీ, కింద వంపు దగ్గర మూత తీసే డోర్ బెండు పెట్టించండి. నేలలో పైపు మలుపు తిరిగే ప్రతిచోటా అడుగు చదరంలో చిన్న చాంబరు కట్టి మూత పెట్టండి. కారు చక్రం వెళ్లే చోట పైపు మీద కనీసం అడుగు మందం మట్టి ఉండాలి, అంత లోతు దొరకకపోతే పైపు చుట్టూ నాలుగు అంగుళాల కాంక్రీటు పోయించండి.

ఈ నీళ్లను సెప్టిక్ ట్యాంకులోకి కలపకండి. ఒక్క వానకే ట్యాంకు నిండి లెట్రిన్ నీళ్లు ఇంట్లోకి వెనక్కి వస్తాయి. పని తొందరలో చాలామంది మేస్త్రీలు దగ్గరగా ఉందని దానికే కలిపేస్తారు. పక్కన నిలబడి చూసుకోండి.

ఐదో అడుగు: ఇంటి చుట్టూ నేల, నల్లరేగడి సంగతి

కడప, ప్రొద్దుటూరు వైపు చాలా చోట్ల నల్లరేగడే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిచ్చి ముడుచుకుంటుంది. షెడ్డు పక్కన ఒకవైపే నీళ్లు నిలిస్తే ఆ వైపు నేల ఉబ్బి గోడ లేస్తుంది, ఎండాకాలంలో దిగుతుంది. షెడ్డు గోడ మూలల్లో మెట్లు మెట్లుగా వచ్చే బీటలకు ఇదే కారణం. అందుకే నీళ్లు నిలవడాన్ని కారు తడిసే సమస్యగా మాత్రమే చూడకండి, ఇంటి పునాదికి సంబంధించినదిగా చూడండి.

గోడ చుట్టూ మూడు అడుగుల వెడల్పున గరుసు దిమ్మిస చేసి, దాని మీద కాంక్రీటు గచ్చు వేయండి. గోడ నుంచి బయటికి అడుగుకు అర అంగుళం వాటం ఉండాలి. గోడకూ గచ్చుకూ మధ్య సందును తారుతోగానీ సీలెంటుతోగానీ నింపాలి, లేకపోతే నీళ్లు అక్కడి నుంచే దిగుతాయి. కాలువ కోసం తవ్వేటప్పుడు పునాదిని ఆనుకొని దాని అడుగు కంటే లోతుకు వెళ్లకండి.

కంకర నింపి చిల్లుల పైపు పాతే పద్ధతిని కొందరు సలహా ఇస్తారు. గరుసు నేలలో, వాటం దొరికే చోట అది బాగా పనిచేస్తుంది. నల్లరేగడిలో బయటికి దారి ఇవ్వకుండా పాతితే ఆ కందకం నీళ్ల తొట్టిలా మారి పునాదిని నానబెడుతుంది. చుట్టూ నీళ్లను వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ వేసి, చివర పైపును తప్పకుండా బయటికి తెరవాలి. నేల కింది ఊట ఉన్న ఇళ్లకు తప్ప మిగతావాళ్లకు దీని అవసరం లేదు.

ఆరో అడుగు: గేటు దగ్గర అడ్డ కాలువ

రోడ్డు నీళ్లను ఆపేది ఇదే. చేనులో మడవ తిప్పినట్టు, గేటు లోపలికి రాబోయే నీటిని అక్కడే పట్టి పక్కకు తిప్పడం. గేటు లోపలే కట్టండి. బయట రోడ్డు స్థలం మనది కాదు.

లోపలి వెడల్పు ఎనిమిది అంగుళాలు ఉంచండి. నాలుగు అంగుళాలు చాలంటారు గానీ, అంత సన్నటి కాలువలో చెయ్యి పట్టదు, చెయ్యి పట్టనిది ఎప్పటికీ శుభ్రం కాదు. మొదట్లో లోతు ఆరంగుళాలు, పన్నెండు అడుగుల గేటుకు చివర ఏడున్నర. అడుగున నాలుగు అంగుళాల బెడ్డు వేసి, పక్క గోడలు ఒకటికి ఒకటిన్నరకు మూడు పాళ్ల (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటుతో పోయించండి. ఇటుకతో కట్టిన గోడ అంచు కారు చక్రం కింద ఏడాది తిరక్కుండానే రాలిపోతుంది. లోపలి పూతకు సిమెంటు బస్తాకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫింగ్ ద్రవం కలపండి. అడుగు మూలలు గుండ్రంగా తీయిస్తే మట్టి పట్టదు.

పైన మూతకు మనవాళ్లకు వెంటనే గుర్తొచ్చేది కడప బండ. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు నుంచి తేలిగ్గా దొరుకుతుంది. మనుషులు నడిచే పెరటి కాలువ మీద అది చక్కగా సరిపోతుంది. కారు చక్రం కింద మాత్రం అంగుళంన్నర బండ ఏదో ఒక రోజు విరుగుతుంది, పైగా బండకు సందులు లేక నీళ్లు దాని మీది నుంచే దాటిపోతాయి. ఇక్కడ ఇనుప జాలీ ఉండాలి. కాలువ రెండు అంచుల్లో 40 మిల్లీమీటర్ల ఇనుప యాంగ్లర్లు (ఎల్ ఆకారపు కమ్మీలు) కాంక్రీటులో బిగించి, 40 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీలను నిలువుగా నిలబెట్టి వెల్డింగు చేయించండి. పట్టీల మధ్య సందు 20 మిల్లీమీటర్లు మించకూడదు. పిల్లల సైకిలు చక్రం ఇరుక్కోకుండా ఉండేందుకు ఈ కొలత. రెండేసి అడుగుల ముక్కలుగా చేయిస్తే ఇంట్లో ఎవరైనా ఎత్తి కడగగలరు. వీలైతే జింకు పూత, లేదంటే రెడ్ ఆక్సైడు రెండు కోటింగులు. జాలీ పైభాగం నేల కంటే పావంగుళం కిందికి ఉండాలి, మీదికి ఉంటే నీళ్లు దాని ముందే నిలిచిపోతాయి.

కాలువ చివర ఒకటిన్నర అడుగు చదరంలో ఇసుక గుంట కట్టించండి. బయటికి పోయే పైపు మూతి కంటే దాని అడుగు తొమ్మిది అంగుళాలు లోతుగా ఉండాలి. ఇసుక, మట్టి అక్కడ దిగిపోతాయి, నీళ్లు మాత్రమే పైపులోకి వెళ్తాయి. వాన వెలిశాక అందులో మిగిలిన నీళ్లను మగ్గుతో తోడేయాలి. అలాగే వదిలేస్తే వారంలో డెంగీ దోమలు పుడతాయి.

షెడ్డు నేల మొత్తం ఈ కాలువ వైపే వాటంగా ఉండాలి. పద్దెనిమిది అడుగుల షెడ్డుకు వెనక నుంచి ముందుకు రెండుంబావు అంగుళాలు. నునుపు బండలు తడిస్తే జారతాయి కాబట్టి పాలిష్ పట్టనివి, గరుకువి వేయించండి. మేస్త్రీ వెళ్లకముందే వెనక గోడ దగ్గర ఒక బిందె నీళ్లు గుమ్మరించి చూడండి. ఎక్కడైనా ఆగితే జాయింట్లు గట్టిపడకముందే సరిచేయించాలి. ఒకసారి వేశాక ఆ బండల్ని టాయిలెట్ యాసిడ్‌తో కడగకండి. అవి సున్నపురాయి జాతివి, యాసిడ్ తగిలితే పైపొర తినేస్తుంది.

పని ఫిబ్రవరి నుంచి మే లోపు పెట్టుకోండి. మన ఎండలకు కాంక్రీటు త్వరగా ఆరి బీటలిస్తుంది. గోనెసంచులు కప్పి కనీసం ఏడు రోజులు, వీలైతే పది రోజులు తడి ఆరకుండా చూడాలి. మూడు వారాల దాకా దాని మీదికి కారు ఎక్కించకండి.

ఏడో అడుగు: ఈ నీళ్లన్నీ ఎక్కడికి

వీధి కాలువ ఉంటే అందులోకే. కానీ ఆ కాలువ నిండినప్పుడు మురుగు మన పైపులోంచి వెనక్కి వస్తుంది. పైపు చివర బయటికి మాత్రమే తెరుచుకునే ఫ్లాప్ వాల్వ్ పెట్టించండి. ఒక ప్లాస్టిక్ కవరు ఇరుక్కున్నా అది మూసుకోదు, అందుకని చేతికి అందే చోటే ఉండాలి. గేటు ముందు ర్యాంపు కోసం కాలువను మట్టితో పూడ్చినవాళ్లు ఆ మట్టి తీసి, కింద పెద్ద సిమెంటు తూములు వేయించండి. లేదంటే పైవీధి నీళ్లు మీ ర్యాంపు దగ్గరే ఎగదన్ని మీ గేటులోకే వస్తాయి. కాలువను తాకే ఏ పనికైనా వార్డు సచివాలయంలో అడిగి అనుమతి తీసుకోండి.

ఇంకుడు గుంత తవ్వుకోవచ్చు, తవ్వుకోవాలి కూడా. మన కరువు సీమలో ప్రతి చుక్కా బోరుకు దక్కాలి. కానీ ముందు నేలను పరీక్షించండి. అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గుంత తీసి నీళ్లు నింపండి. మరుసటి రోజు మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో కొలవండి. అర అంగుళం కూడా దిగకపోతే ఆ చోట గుంత దండగ. బాగా దిగినా దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. నాలుగడుగుల చదరం, ఐదడుగుల లోతు గుంతలో రాళ్లు నింపాక పట్టేది సుమారు తొమ్మిది వందల లీటర్లే. మన లెక్కలో మిద్దె నుంచి గంటలో దిగింది ఐదున్నర వేలు. కాబట్టి గుంత నిండాక మిగిలిన నీళ్లు వీధి కాలువలోకి పోయేలా పైపు ఉండాలి. గుంత పునాదికి పది అడుగుల దూరంలో, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి. అందులోకి మిద్దె నీళ్లే వదలండి. కారు నూనె కలిసిన షెడ్డు నీళ్లు భూమిలోకి పోకూడదు.

పక్కింటి స్థలంలోకి మాత్రం తిప్పకండి. మన ఇబ్బందిని ఇంకొకరి గోడ కిందికి నెట్టడం అది, తగాదాలు కూడా అక్కడే మొదలవుతాయి.

ఎనిమిదో అడుగు: ఇంకా చాలకపోతే

రోడ్డు కొద్దిగానే ఎత్తుంటే గేటు గీత మీద మూడంగుళాల గుబ్బ చాలు. రెండు వైపులా మూడేసి అడుగులు నిదానంగా వాలాలి, లేదంటే కారు అడుగు తగులుతుంది. షెడ్డు నేలను లేపడం ఇప్పుడు ఆలోచించండి, పెరటి నీళ్లకు వేరే పైపు వేశాకే. లేపినా హాలు గడప కంటే నాలుగైదు అంగుళాలు తక్కువగానే ఉండాలి.

వీధి కాలువ మీ షెడ్డు కంటే పైన ఉంటే రెండడుగుల చదరం, మూడడుగుల లోతు గుంటలో ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టం పెరిగితే తనంతట మోటారును నడిపేది) ఉన్న అర హెచ్‌పీ మురుగు నీటి మోటారు పెట్టాలి. తోడిన నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి. గాలివానకు మొట్టమొదట పోయేది కరెంటే, కాబట్టి ఇన్వర్టరు ఆ మోటారును లాగుతుందో లేదో ఎండ రోజుల్లోనే నడిపి చూడండి.

సంపు, స్విచ్చులు

మన ఇళ్లలో తాగునీటి సంపు చాలావరకు పోర్టికో కిందే ఉంటుంది. షెడ్డులోకి వచ్చిన మురుగు మొదట దిగేది అందులోకే. సంపు మూతి చుట్టూ ఆరంగుళాల గట్టు కట్టించి, రబ్బరు వాషరున్న మూత బిగించండి. ఒకసారి మురుగు దిగిందంటే మొత్తం తోడి, గోడలు రుద్ది కడిగి, కొత్త నీళ్లు పట్టాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి గంట ఆగాకే వాడండి.

మోటారు స్విచ్చు బోర్డు నేల నుంచి నాలుగడుగుల పైన ఉండాలి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించాలి. షెడ్డులో నీళ్లు నిలిచి ఉండగా మెయిన్ ఆపకుండా అందులో కాలు పెట్టకండి. కారు సైలెన్సరు మునిగి ఉంటే స్టార్ట్ చేయకండి, ఇంజినులోకి నీళ్లు పీల్చుకుంటే ఇంజినే పోతుంది. మెకానిక్‌ను పిలవండి.

ఏటా చేయాల్సింది

మే నెలాఖరులో ఒకసారి, సెప్టెంబరు నెలాఖరులో ఒకసారి జాలీలన్నీ లేపి, ఇసుక గుంట తోడి, మిద్దె మీది ఆకులు ఊడ్చి, ఫ్లాప్ వాల్వ్ చేత్తో ఆడించి చూడండి. మొత్తం ఒక పూట పని. వీధిలో మళ్లీ రోడ్డు వేస్తారని తెలిస్తే, పని మొదలుకాక ముందే వీధివాళ్లంతా కలిసి అర్జీ పెట్టండి. పాత రోడ్డును తవ్వి అదే మట్టానికి వేయమని అడగండి. అప్పుడు మీరు రెండో అడుగులో గీసిన మట్టాల కాగితాన్ని అర్జీకి జతచేయండి.